గాలితిత్తిమీద చేపలవేట

ఇరాకుదేశమున టైగ్రిసు నదీతీరమందు పూర్వము నీనెవె యను మహానగర ముండెడిది. క్రీస్తునకు పూర్వము 704 మొదలు 681 వఱకు రాజ్యమేలిన సన్హెరీబు అచ్చటి తన నగరిగోడలకు రాతిపలకలు తాపించి, వానిపై తన కాలపు ఘనకార్యములను చెక్కించెను. పెద్ద రాతియెద్దులను జనులు మోకులతో లాగుట, గుండ్రని పడవలలో బరువులు చేరవేయుట మున్నగు దృశ్యముల నడుమ, చూపరుల కంట పడని యొకమూలను, ఒక జాలరి యున్నాడు. అతడు గాలి నింపిన తోలుతిత్తిపై గుఱ్ఱమెక్కినట్లు కూర్చుండి నీటిలోనికి గాలము వేసియున్నాడు. పట్టిన చేపలకు బుట్ట యొకటి యతనికడ నున్నది. రాజుగారి ప్రతాపమును చాటుటకు చెక్కిన శిల్పములలో ఈ బీదవాడెట్లు చోటు సంపాదించెనో కాని, రెండువేల యేడువందల యేండ్లనుండి గాలము వదలక యట్లే కూర్చుండియున్నాడు.

గాలిబుడగపై నెక్కి చేపలు పట్టుట లారీట్యూబుతో పుట్టిన పని కాదని తెలుపుటకే ఈ శిల్పమును ముందుగా తలచితిని. చెఱువులలోను, ఆనకట్టల వెనుక నిలిచిన జలాశయములలోను ట్యూబుమీద కూర్చుండి వలలు కట్టువారిని మీరు చూచియే యుందురు. అది క్షేమమా యని మిమ్మెవరైన నడిగినచో ఒక్క మాటలో బదులు చెప్పరాదు. ఆ సాధనము పూర్వుల చేతిలో ఎట్లుండెడిదో, దానితోపాటు వారే జాగ్రత్తలు పాటించిరో తెలిసినగాని, నేడు మనము విడిచిపెట్టినదేమో తేలదు.

సన్హెరీబునకు నూటయేబదియేండ్లు ముందుగా అష్షూర్‌నసిర్‌పాలు అను రాజుండెను. అతని నగరినుండి తెచ్చిన పలక యొకటి లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నది. అందు శత్రువులు కొందఱు విలుకాండ్రకు వెఱచి నదిలో దూకి ఆవలిగట్టునకు ఈదుచున్నారు. వారిలో ఇద్దఱు తిత్తులను ఱొమ్ముక్రింద నుంచుకొని, వాని మూతులను నోట కఱచి యూదుచు పోవుచున్నారు. ఆ యూదుటయే గమనింపదగినది. తోలు ఎంత గట్టిగా కుట్టినను గాలి కొంచెము కొంచెముగా జాఱుచునే యుండును. తిత్తి నిండినదని నమ్మి ఊరకుండరాదనియు, మూతి ఎప్పుడును నోటికందునట్లు ఉండవలయుననియు వారెఱుగుదురు. పైగా వారు తిత్తిపై నెక్కక నీటిలోనే మేను వాల్చియున్నారు. నీటిలో మునిగిన దేహమునకు నీరే ఆధారమగును. దానిని తేల్చుటకు చిన్న తిత్తి చాలును. ఆ దేహమే నీటిపైకి లేచి కూర్చుండెనేని దాని బరువంతయు తిత్తిమీదనే పడును. ఒక లీటరు గాలి నీటిలో మునిగినప్పుడు మోయగలది ఒక కిలోగ్రాము మాత్రమే గదా. కనుక దాటువాని తిత్తికంటె, కూర్చుండి వేటాడువాని తిత్తికి ఓర్పు మిక్కిలి కావలయును.

గ్రీకులు ఈ సాధనమును నమ్మీ నమ్మక వాడిరి. క్రీ. పూ. 401లో పారసీకదేశమునుండి తమ సేన వెనుదిరిగి వచ్చిన కథను క్సెనొఫోను వ్రాసియున్నాడు. టైగ్రిసు అడ్డమైనప్పుడు రోడ్సుద్వీపవాసి యొకడు ముందునకు వచ్చి, రెండువేల తోళ్లిచ్చినచో సేన నంతటిని దాటింతునని పలికెనట. మందలోని గొఱ్ఱెలు, మేకలు, పసులు, గాడిదలు ఉండగా తోళ్లకు కొదవ లేదు. ఒక్కొక్క తిత్తి ఇద్దఱిని మునుగనీయదని యతని లెక్క. సేనానులు ఆ యుపాయము బాగున్నదనిరి కాని, ఎదుటిగట్టున శత్రువుల గుఱ్ఱపుదండు నిలిచియుండుటచే మానుకొనిరి. అంతకుముందు యూఫ్రటీసునదికడ ఆ సైనికులే తమ గుడారపు తోళ్లలో ఎండుగడ్డి కూరి, నీరు చొరకుండ కుట్టి, వానిపై దాటి ఆహారపదార్థములు తెచ్చుకొనిరి. క్రీ. పూ. 329లో అలెగ్జాండరు ఆక్ససు నదిని దాటినదియు నిట్లే. పడవ కట్టుటకు కలప లేని తావది. తోళ్లలో ఎండుపొట్టు నింపించి, కుట్టించి, ఐదుదినములలో సేన నంతయు ఆవలికి చేర్చెను. గడ్డి నింపిన తిత్తి గాలితిత్తియంత తేలిక కాదు. కాని ముల్లు గ్రుచ్చుకొన్నంతనే అది చప్పబడిపోదు. గడ్డి తడియువఱకు, అనగా ఒడ్డు చేరువఱకు, మనుష్యుని మోయును. ఈత తెలియని సిపాయికి ఇంతకంటె నేమి కావలయును?

టైగ్రిసునదిపై పుట్టి పెరిగినవారు మాత్రము గాలిని విడువలేదు. వారు వేఱొక యుపాయము పన్నిరి. అచ్చట కెలెక్ అను తెప్పలు ఇరువదవ శతాబ్దమువఱకు నడచినవి. దూలములను అడ్డముగను నిలువుగను కట్టి, వాని క్రింద గాలి నింపిన మేకతిత్తులను బిగింతురు. చిన్న తెప్పకు ఏబదియో అఱువదియో తిత్తులుండును. పెద్దదానికి వందలకొలది పట్టును. నీనెవె, నిమ్రూదు దిబ్బలను త్రవ్వించిన లెయార్డు, 1847లో రెక్కలుగల రాతియెద్దులను సముద్రముదెసకు పంపినది ఇట్టి తెప్పలమీదనే. శిల్పమున జాలరికి ఆధారమైన తిత్తియే తుదకు శిల్పమునకును ఆధారమయ్యెను!

తెప్పవాండ్ర పనితనము చూడుడు. తిత్తులమూతు లన్నియు పైకి వచ్చునట్లు కట్టెడివారు. దారిలో ఒకటి సడలినచో తెప్పను విప్పనక్కఱలేదు, ఒక గొట్టముతో మఱల నూదవచ్చును. ఎండకు తోలు బిగిసి పగులకుండుటకై నీరు చల్లుచుండెడివారు. మార్గమధ్యమున రాతిమొనలు తగిలి నాలుగైదు తిత్తులు చినిగినను తక్కినవి తెప్పను మోసెడివి. బాగ్దాదు చేరినపిమ్మట కలపను అమ్ముకొని, తిత్తులలోని గాలి వదలి, గాడిదలపై వేసికొని మఱల ఎగువకు పోయెడివారు. ఇందలి కిటుకంతయు ఒక్కటే: గాలిని ఒకే సంచిలో నింపి ప్రాణము దానికప్పగింపలేదు, పలుసంచులకు పంచిరి.

మన దేశమునను ఈ విద్య కలదు. హిమాలయపు పాదములనుండి దిగివచ్చు సట్లెజ్, బియాస్ నదులపై గేదెతోలునో ఎద్దుతోలునో నిండుగా ఊది, దానిపై బోర్లపండుకొని, కాళ్లతోను చిన్న తెడ్డుతోను తోసికొనుచు బాటసారులను దాటించువా రుండిరి. 1820లో మూర్‌క్రాఫ్టు అను పశువైద్యుడు తన పరివారముతో సట్లెజ్‌ను ఈ విధముననే దాటెను. సింధుదేశపు జాలరుల పద్ధతి మఱియు వింతయైనది. వారికి తిత్తి లేదు. పెద్ద మట్టికుండ కలదు. కుండమూతిని తన పొట్టతో మూసి దానిపై బోర్లపడి, పొడుగాటి గడకు కట్టిన వలను నీటిలోనికి దింపి, జాలరి ప్రవాహముతో పోవును. చిక్కిన చేపను ఆ కుండలోనే వేయును. పడవయు, బుట్టయు, మూతయు అన్నియు నా కుండయు నా పొట్టయు! వారు పట్టు చేప ఏదనుకొందురు? సముద్రమునుండి ఏటికెదురీదివచ్చు పల్లా. అదియే మన గోదావరిలోని పులస. 1831లో సింధునదిపై ప్రయాణము చేసిన అలెగ్జాండరు బర్నెసు ఈ వేటను వర్ణించియున్నాడు. కుండ పగిలినచో దిక్కేమి యని మన కనిపించును. నీటిలో పుట్టి పెరిగిన యీతగాడు కనుక కుండ లేకున్నను వాడు ఒడ్డు చేరగలడు. కుండ వాని శ్రమను తగ్గించునదే కాని వాని ప్రాణమునకు జామీను కాదు.

కృష్ణా తుంగభద్రలపై మనవారు గాలిని కాక బుట్టను నమ్మిరి. హరిగోలనియు పుట్టియనియు చెప్పబడునది అదియే. సుమారు 1520లో విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేసు, ఆనెగొందికడ జనులు బుట్టలవంటి గుండ్రని పడవలలో దాటుచుండిరనియు, వానికి లోపల వెదురల్లికయు వెలుపల తోలును ఉండెననియు, పదునైదిరువదిమంది పట్టుదురనియు, అవి గిరగిర తిరుగుచునే పోవుననియు వ్రాసెను. మద్రాసు రాజధానియందు మత్స్యశాఖకు అధిపతిగా నుండిన జేమ్సు హార్నెలు 1946లో ప్రకటించిన గ్రంథమున తిత్తులను, కుండలను, పుట్టులను అన్నిటిని ఒకచోట చేర్చి పరిశీలించెను. పుట్టికి చిల్లు పడినచో నీరు మెల్లగా ఎక్కును. తోడిపోయవచ్చును, గుడ్డ దోపవచ్చును. తిత్తికి చిల్లు పడినచో అట్టి గడు వుండదు.

ఇక రబ్బరుకాలమునకు వత్తము. 1823లో మాకింటాషు రెండు గుడ్డలనడుమ రబ్బరు పూసి నీరంటని వస్త్రమును చేసెను. పచ్చిరబ్బరు ఎండకు జిగటయగును, చలికి పెళుసగును. 1839లో గుడ్‌ఇయరు గంధకముతో దానిని కాచి ఆ దోషమును పోగొట్టు మార్గమును కనుగొనెను. ఇంగ్లండు నావికాదళమున లెఫ్టినెంటుగా నుండిన పీటరు హాల్కెటు 1840 తరువాతి యేండ్లలో ఒక విచిత్రమగు అంగీని కుట్టించెను. తొడిగికొన్నప్పుడు అది అంగీ, ఊదినప్పుడు పడవ! అతడు దాని గాలిని వేర్వేరు గదులుగా విభజించుట మఱవలేదు. టైగ్రిసు తెప్పవాని బుద్ధి లండనులో మఱల పుట్టినదన్నమాట. నావికాదళాధికారులు, ఉపాయము చాల తెలివియైనదే కాని తమ సాధారణావసరములకు పనికిరాదనిరి. అతడు దానిని చేపలవేటకును బాతులవేటకును అమ్మజూచి లాభము పొందలేకపోయెను. అయినను ఉత్తరధ్రువప్రాంతములను శోధించిన జాన్ రే 1846నాటి యాత్రలో అట్టి పడవను కొనిపోయి, అది మిక్కిలి యుపకరించెనని మెచ్చుకొనెను. తరువాత రెండవ ప్రపంచయుద్ధమున సముద్రములో కూలిన విమానికులను రబ్బరుపడవలు కాపాడినవి. 1952లో ఫ్రెంచి వైద్యుడు అలెను బొంబారు అట్టి పడవలో ఒంటరిగా అట్లాంటికు సముద్రమును 65 దినములలో దాటెను. అతని పడవకును గాలిగదులు పెక్కు.

లారీట్యూబు ఈ వంశములోనిది కాదు. అది చక్రములో తిరుగుటకు పుట్టినది. 1888లో డన్‌లపు గాలిచక్రమునకు హక్కుపత్రము పొందినపుడు నదిమాట తలపలేదు. టైరుయొక్క రక్షణలో నుండవలసిన ఆ పలుచని రబ్బరు, బయటికి వచ్చి ఏటిలో పడినపుడు దానికి కవచము లేదు. గదులు లేవు, గాలి యంతయు నొక్కటే. మూతి నోటికందదు, నీటిలో ఊదుటకు వీలులేదు. తిత్తికి పూర్వులు కల్పించిన రక్షణలలో నొక్కటియు దానికి లేదు. ఇక వేటయో, తన వాహనమును తానే పొడుచుకొనుటకు ఏర్పడినట్లున్నది. గాలపుకొన, చేపలుకోయు కత్తి, జెల్లచేప రెక్కముల్లు, గట్టునుండి కొట్టుకొనివచ్చిన తుమ్మకంప, ఇవన్నియు ట్యూబునకు చుట్టములే. ఎండలో ఇసుకపై బిగువుగా ఊదిన నల్లని ట్యూబు నీట దింపగానే చల్లబడి మెత్తనగును. మెత్తనైనదని మఱికొంత ఊది గట్టున పడవైచి అన్నమునకు పోయినచో, ఎండవేడిమికి ఉబ్బి అతుకుకడ విచ్చును. ముప్పది డిగ్రీల వేడిమికి లోనిగాలి పదింట నొకవంతు పెరుగగోరును.

అయినను చిల్లుపడి మునుగుట యొక్కటే ప్రమాదమనుకొనరాదు. గాలిపడవకు నీటిలో వేరు లేదు. నిండుజలాశయముపై మధ్యాహ్నపు గాలి లేచినచో అది ఆకువలె కొట్టుకొనిపోవును. చేతులతో ఎంత తోసికొన్నను గాలికెదురు రాదు. బోల్తాపడినచో కాళ్లు వలలో చిక్కును. ఈతగాండ్రను సైతము చంపునది నీరు కాదు, నైలానువల. నదియు పూర్వపు నది కాదు. 1852లో కాటను దొర గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్టను ముగించినది మొదలు మన నదులకు అడ్డుగోడలు పెరుగుచు వచ్చినవి. గోడ దిగువ నీరు దూకి అడుగునకు పోయి మఱల గోడవైపునకే చుట్టుకొనును. ఆ సుడిలో పడిన తేలికవస్తువు బయటపడక యచ్చటనే పొర్లాడును. అట్టిచోట చేపలు గుంపుకూడుట జాలరి యెఱుగును, ట్యూబు ఎఱుగదు. ఎగువ తలుపులెత్తినపుడు ఆకాశమున మబ్బు లేకుండగనే గంటలో నది పెరుగును. పూర్వము వఱద రాకను నీటిరంగు, కొట్టుకొనివచ్చు చెత్త చెప్పెడివి. ఇప్పుడు చెప్పవలసినది తలుపులకడ మ్రోగించు సైరను. దాని కూత అందని పల్లెలో గ్రామపెద్ద దండోరా వేయింపవలయును.

ట్యూబు నుపయోగింపకతప్పనివారు రెండింటిని జతకట్టి, నడుమ వెదుళ్లు బిగించి, పైన గోనెపట్టా కప్పినచో అది చిన్న కెలెక్ అగును. ఒకటి దిగిపోయినను రెండవది పట్టుకొని వ్రేలాడవచ్చును. చిన్ననాట ఈత నేర్చుకొన్నప్పుడు నడుమునకు కట్టుకొన్న సొరకాయబుఱ్ఱ ఉద్దేశమే నేటి లైఫ్‌జాకెట్టు ఉద్దేశమును. అది ట్యూబునకు కట్టి ఉంచునది కాదు, ఒంటికి తొడుగుకొనునది.

లారీలకు ట్యూబు లేని చక్రములు వచ్చుచుండుటచే పాతట్యూబులు మునుపటివలె చౌకగా దొరకుట లేదు. జాలరులు పలుచోట్ల థర్మోకోలు దిమ్మలను తెప్పగా కట్టుకొనుచున్నారు. తెలియకయే వారు అలెగ్జాండరు సేన చేరిన గట్టునకు చేరిరి: ముల్లు గ్రుచ్చుకొన్నను తేలునది. కాని అది రాపిడికి పొడిపొడిగా రాలి చెఱువును పాడుచేయును, పెట్రోలు తగిలినచో కరగిపోవును. కనుక ఆ దిమ్మలను గట్టి సంచిలో పెట్టి నాలుగువైపుల కుట్టవలయును. క్సెనొఫోను సైనికులు గడ్డితిత్తిని కుట్టినట్లే.