రంగుల రాట్నము: మార్చుటయా, నిలుపుటయా?

పాలమూరు సీమలో జాతరలకు కొదువ లేదు. బిజినేపల్లి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతముల పల్లెవాసులు దేవుని దర్శనము చేసికొని, గాజులు, బొరుగులు, మిఠాయి కొని, పిదప పిల్లల చేయి పట్టుకొని చేరునది రంగుల రాట్నము వద్దకే. దేవుని తేరు పెద్దల పాలు, రంగుల రాట్నము పిల్లల పాలు అని జాతరలో ఒక పంపకము ఎన్నడో జరిగిపోయినది.

ఈ రాట్నముల విషయమై రెండు తరముల నడుమ ఒక వాదము వినవచ్చుచుండును. చేతితో త్రిప్పు కొయ్యరాట్నములోని ముచ్చట నేటి యినుప చక్రములో లేదని పెద్దలందురు. కిర్రుమను ఆ పాత కొయ్యను నమ్మి పసిబిడ్డల నెవరెక్కింతురని పిన్నలందురు. ఇది మన జాతరల వాదము మాత్రమే కాదు. వినోదయంత్రము ముసలిదైనపుడు దానిని బాగుచేసి నిలుపవలెనా, తీసివేసి క్రొత్తది పెట్టవలెనా అను ప్రశ్నపై గొప్ప నగరములలో సభలు జరిగినవి, వేలకొలది సంతకములతో మహజర్లు వెడలినవి. ఆ చరిత్రను కొంత తెలిసికొన్నచో మన జాతర వాదమును తీర్చుట సులభమగునని మేము తలచుచున్నాము.

రాట్నమనగా మన భాషలో మొదట నూలు వడకునది, నీరు తోడునది. పనిముట్టు పేరే ఆటవస్తువునకు వచ్చినది. నిలువుగా తిరుగు తొట్టెల చక్రమును, అడ్డముగా తిరుగు గుర్రపు బొమ్మల చక్రమును మనవారు రంగుల రాట్నమనియే పిలుతురు. కాని ఆ రెంటి పుట్టుక వేరు. నిలువు చక్రమును గూర్చి 1615వ సంవత్సరములో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె ఇస్తాంబూలు నగరపు రంజాను వేడుకలను వర్ణించుచు వ్రాసినాడు. ఇంగ్లండు యాత్రికుడు పీటర్ మండీ 1620లో నేటి బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ పట్టణమున అట్టి చక్రమును చూచి వర్ణించినాడు. అడ్డపు చక్రము ఐరోపా రాజులు జరిపించిన గుర్రపు స్వారీ క్రీడలనుండి పుట్టినది. పారిస్ నగరమున 1662లో పదునాలుగవ లూయీ రాజు జరిపించిన అట్టి క్రీడ ప్రసిద్ధమైనది. 1860 తరువాత ఇంగ్లండు సంతలలో ఆవిరియంత్రముతో తిరుగు గుర్రములు వచ్చినవి.

మన జాతరల కొయ్యరాట్నమునకు ఆవిరి లేదు, విద్యుత్తు లేదు. నాలుగు తొట్టెలు, రెండు స్తంభములు, వానిపై ఒక ఇరుసు. ఇద్దరు మనుష్యులు చేతులతో త్రిప్పుదురు. చూపునకు సులువైన ఈ పనిలో గొప్ప నేర్పు కలదు. ఎదురెదురు తొట్టెలలో బరువు సరిపోవునట్లు పిల్లలను కూర్చుండబెట్టవలెను. ఒకవైపు బరువు హెచ్చినచో చక్రము ఒక్కసారిగా క్రిందికి జారి, త్రిప్పువాని భుజము పట్టు తప్పును. ఇరుసునకు తగినంత నూనె పెట్టవలెను. పిల్లవాడు జడిసి ఏడ్చినచో మరునిమిషమున చక్రము నాపవలెను. చేతితో త్రిప్పువానికి చక్రము చెప్పునది భుజమునకే తెలియును. ఇరుసు బిగిసినను, సీల వదులైనను కంటికి కనబడుటకు ముందే చేతికి తగులును. నూనె యంత్రము, దాని వెనుక విద్యున్మోటారు వచ్చిన పిమ్మట వేగము హెచ్చినది, ఎత్తు హెచ్చినది, కూర్చుండువారి సంఖ్య హెచ్చినది. కాని చేతికి తెలియు ఆ సంగతి మోటారునకు తెలియదు. దానిని తెలిసికొనుటకు వేరుగా పరీక్ష కావలెను. పాత కొత్తల వాదములో ఈ మార్పు ముఖ్యమైనది, అయినను దీనిని గూర్చి మాటలాడువారు తక్కువ.

ఇక గొప్ప చక్రముల సంగతి. 1893లో అమెరికాలోని చికాగో ప్రదర్శనమున ఫెర్రిస్ అను ఇంజనీరు 264 అడుగుల ఎత్తుగల ఉక్కు చక్రమును నిలిపినాడు. దానికి 36 పెట్టెలు, ఒక్కొక్క పెట్టెలో 60 మందికి చోటు. ప్రపంచమంతయు అబ్బురపడిన ఆ చక్రము ప్రదర్శన ముగిసిన పిదప ఒక చోటినుండి మరియొక చోటికి మారి, తుదకు 1906లో మందుగుండుతో కూల్చివేయబడినది. అప్పటికి దాని వయస్సు 13 ఏండ్లు మాత్రమే. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1897లో నిలిపిన చక్రమునకు వేరొక గతి పట్టినది. 1916లో దానిని విప్పివేయుటకు అనుమతి వచ్చినది గాని, విప్పుటకు కావలసిన సొమ్ము లేక అది నిలిచిపోయినది. 1944లో యుద్ధకాలమున కాలిపోయినది. 1947లో దానిని మరల నిలిపినపుడు, పూర్వమున్న 30 పెట్టెలకు బదులు 15 మాత్రమే కట్టిరి, చట్రము భారము తగ్గవలెనని. ఆ చక్రము నేటికిని తిరుగుచున్నది. నిలుపదలచినవారు మునుపటి రూపమంతయు కావలెనని పట్టుపట్టక, ముసలి ఎముకలు మోయగలిగినంత బరువే పెట్టుటచేత అది బ్రతికినది.

అభిమానుల వాదము ప్రత్యక్షముగా కనబడు కథ న్యూయార్కు నగరములోని కోనీ ఐలండు తీరమున జరిగినది. అచట 1927లో సైక్లోన్ అను కొండపట్టాల బండి నడచుట మొదలైనది. దాని బాట కొయ్యది, దానిని మోయు చట్రము ఉక్కుది. 1970 తరువాత పక్కనున్న మత్స్యప్రదర్శనశాలను విస్తరించుటకై దానిని తొలగింప తలపెట్టిరి. అభిమానులు ఆందోళన చేసిరి. 1975లో దానిని కౌలుకు తీసికొన్న సంస్థ బాగుచేసి నడిపినది. 1988లో నగరము, 1991లో అమెరికా దేశము దానిని చారిత్రక కట్టడముగా గుర్తించినవి. అయితే నేడు అచట బండి ఎక్కువాడు 1927 నాటి కొయ్యమీదనే పోవుచున్నాడని తలచరాదు. చివికిన కొయ్యను ఎప్పటికప్పుడు తీసి క్రొత్తది వేయుచునే యుందురు. ఎత్తుపల్లముల గీత పాతది, కొయ్య క్రొత్తది.

ఇందుకు విరుద్ధమైన కథ యొకటి ఇటీవల జరిగినది. అమెరికాలోని డిస్నీ ఉద్యానములలో స్ప్లాష్ మౌంటెన్ అను నీటిపడవల ఆట కాలిఫోర్నియాలో 1989లోను, ఫ్లోరిడాలో 1992లోను మొదలైనది. దాని కథ 1946 నాటి ఒక చలనచిత్రమునుండి గ్రహింపబడినది. ఆ చిత్రము నీగ్రోజాతి బానిసత్వపు బాధను మరుగుపరచి, తోటల జీవితమును అందముగా చూపినదని విమర్శ చిరకాలముగా కలదు. 2020లో ఆ కథను మార్చెదమని సంస్థ ప్రకటించినది. మార్చవలెనని కొందరు, తమ చిన్ననాటి ఆటను ముట్టరాదని కొందరు సంతకములు సేకరించిరి. 2024లో ఆ రెండు చోట్లను టియానా అను నల్లజాతి రాకుమారి కథతో ఆట తిరిగి తెరువబడినది. నీటికాలువ, చివరి జారుడు చాలవరకు పాతవే, చెప్పు కథ మాత్రము క్రొత్తది. కోనీ ఐలండులో దేహము మార్చి ప్రాణము నిలిపిరి. ఇచట దేహము నిలిపి ప్రాణము మార్చిరి. దీనినిబట్టి పాతదానిని మార్చుట అను మాటలో రెండు వేర్వేరు పనులు ఇమిడియున్నవని తెలియుచున్నది. ఏది మారుచున్నదో విడదీసి చెప్పనిచో వాదమునకు అంతముండదు.

మన రాజధానికి వత్తము. హైదరాబాదు నుమాయిష్‌ను 1938లో ఉస్మానియా పట్టభద్రులు బాగె ఆమ్‌లో సుమారు 100 దుకాణములతో మొదలుపెట్టిరి. 1946లో అది నాంపల్లి మైదానమునకు మారినది. ఏటేటా జనవరిలో మొదలగు ఈ ప్రదర్శనమునకు పోయినవారు జెయింటు వీలు ఎక్కక తిరిగివచ్చుట అరుదు. 2016లో నగర శివారున రావిర్యాలలో వండర్‌లా ఉద్యానము తెరువబడినది, అచటి యంత్రములు స్థిరమైనవి. నుమాయిష్ వంటి ప్రదర్శనములలోను, జాతరలలోను కనబడునవి మాత్రము ఊరూరు తిరుగు యంత్రములు. 2025 జనవరిలో నుమాయిష్‌లో ఒక ఆటయంత్రము నడుమనే నిలిచిపోయి, ఎక్కినవారు కొంతసేపు తలక్రిందులుగా వ్రేలాడిరి. ప్రాణహాని జరుగలేదు గాని, చూచినవారి గుండెలు ఝల్లుమన్నవి.

ఊరూరు తిరుగు యంత్రములకు రెండు కష్టములు కలవు. ప్రతి ఊరిలోను విప్పి, లారీకెత్తి, మరల బిగింపవలెను. బిగించిన ప్రతిమారును ప్రతి మరమేకు క్రొత్త పరీక్షయే. రెండవది, యినుము కూడ అలసిపోవును. ఒకే చోట బరువు పడుచు లేచుచు వేలమారులు వంగినచో దాని లోపల వెండ్రుకవంటి పగులు పుట్టి, నెమ్మదిగా పెరుగును. పైన క్రొత్తరంగు పూసినచో ఆ పగులు మరింత మరుగుపడును. కావున రంగును చూచి యంత్రపు వయస్సు నిర్ణయింపరాదు. కొయ్యరాట్నము విరుగుటకు ముందు కిర్రుమని చెప్పును. ఇనుము పలుమారులు చెప్పకయే విరుగును. పాతది ప్రమాదమనియు, క్రొత్తది క్షేమమనియు గట్టిగా చెప్పువారు ఈ సంగతి తలచుకొనవలెను.

ఇక పెద్దల మాటలోని మమకారమున కేమి సమాధానము? దానిని మన దేవుని ఉత్సవములలోనే వెదుకుదము. తూర్పుగోదావరి సీమలోని అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి రథము, సుమారు 40 అడుగులది, 60 ఏండ్లకు పైబడినది, 2020 సెప్టెంబరులో ఒక రాత్రి కాలిపోయినది. ఊరంతయు ఆవేదన చెందినది. 2021 ఫిబ్రవరి నాటికి క్రొత్త రథము సిద్ధమైనది. రథసప్తమినాడు భక్తులు దానికి మ్రొక్కిరి. పొరుగుననున్న పూరీలోనైతే కాలిపోవు దాకా వేచియుండుట లేదు. అచట మూడు రథములను ఏటేటా క్రొత్తకొయ్యతో కట్టుదురు. జగన్నాథుని నందిఘోషమునకు 16 చక్రములు, బలభద్రుని తాళధ్వజమునకు 14, సుభద్ర దర్పదళనమునకు 12. కొయ్య యేటేటా మారును గాని ఆ లెక్క మారదు.

అంత దూరమేల? మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలములోని కురుమూర్తి జాతరను చూడుడు. దీపావళి తరువాత కార్తికమాసమున జరుగు ఆ జాతరకు మన సీమ నలుమూలలనుండి జనులు పోవుదురు. అందు ముఖ్యమైనది ఉద్దాల ఉత్సవము. ఉద్దాలనగా స్వామివారి పాదుకలు. దగ్గరనున్న వడ్డెమానులో చర్మకారులు వానిని నియమనిష్ఠలతో ఏటేటా క్రొత్తగా కుట్టి, ఊరేగింపుగా కొండకు చేర్తురు. ఈ వడ్డెమాను, బిజినేపల్లి మండలములో గోనవారి రాజధానియైన వర్ధమానపురముగా పేరుగన్న నందివడ్డెమాను ఒకటి కాదు. పాదుకలు క్రొత్తవి కదా, వానికి మహిమ ఎట్లుండునని భక్తుడెవ్వడును అడుగడు. తోలు నిరుటిది కాదు, కుట్టువారి నియమము మాత్రము నిరుటిదే, తాతలనాటిదే. పాతదనమును తోలులో గాక కుట్టు విద్యలో దాచుకొన్న జనులు మనవారు.

రంగుల రాట్నమునకును ఇదియే కొలత అని మా అభిప్రాయము. ఇరుసు, సీల, మరమేకు, తాడు అనునవి అరిగినపుడు వానిని మార్చుటకు వెనుదీయరాదు. అందు మమకారమునకు చోటు లేదు, పిల్లల ప్రాణములు వానిపై వ్రేలాడుచున్నవి గనుక. కాని యంత్రమును మార్చునపుడు దానితో కూడ పోగొట్టుకొనునది ఏమో కూడ లెక్కింపవలెను. కొయ్యరాట్నము పోయినపుడు మనము పోగొట్టుకొన్నది కొయ్య కాదు. బరువు సరిచూచి కూర్చుండబెట్టు కన్ను, బిగువు కనిపెట్టు చేయి, బిడ్డ ఏడ్చినచో ఆపు మనస్సు అందులో పోయినవి. మోటారు పెట్టినవారు ఆ మూడింటికి బదులు ఏమి పెట్టినారో అడుగుట మన హక్కు.

జాతర జరిపించు పెద్దలు ఈ ప్రశ్నను స్థలమును వేలము వేయునాడే అడుగవలెను. ఇరుసును ఎప్పుడు పరీక్షించిరి? బిగించిన పిమ్మట ఎవరు చూచిరి? ఖాళీ తొట్టెలతో ఎన్ని చుట్లు త్రిప్పి చూచిరి? కరెంటు పోయినచో పైనున్నవారిని దింపు మార్గమేమి? వీనికి సమాధానము లభించిన పిమ్మట, ఆ రాట్నము పాతదైనను క్రొత్తదైనను పిల్లలను ఎక్కింపవచ్చును. సమాధానము లభింపనిచో, మరుసటి ఏటి జాతర దాకా పిల్లలకు బొరుగులు, మిఠాయి చాలును.