పులిసిన పాల చరిత్ర

భిలాయి ఉక్కు పట్టణమునకు చేరువనున్న ఉతైలో గాని, మరి యే దూరదేశమున గాని, తెలుగువారి కాపురమున్నచోట రాత్రివేళ జరుగు పని యొకటి కలదు. కాచిన పాలు గోరువెచ్చనైన పిదప చెంచాడు పెరుగు తోడువేసి మూతపెట్టుదురు. తెల్లవారునప్పటికి పాలు తోడుకొనును. ఆ గిన్నెలో జరిగిన దేమో శాస్త్రజ్ఞులకు కొంత కొంతగా మాత్రమే తెలిసినది.

మనదేశమున సిపాయీల తిరుగుబాటు రేగిన 1857లోనే, ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ లాక్టిక్ ఆమ్లపు పులుపునకు సూక్ష్మజీవులే కారణమని ప్రకటించెను. 1905లో బల్గేరియా వైద్యవిద్యార్థి స్టామెన్ గ్రిగొరోవ్ తన దేశపు పెరుగులోని బాక్టీరియాను వర్ణించెను. పారిస్‌లోని పాశ్చర్ సంస్థయందు పనిచేయుచున్న ఇల్యా మెచ్నికోవ్ దానిని పట్టుకొని, పులిసిన పాలు వార్ధక్యమును జాప్యము చేయునని వాదించెను. భిలాయి కర్మాగారము 1955 నాటి ఒడంబడికపై సోవియట్ సహాయముతో వెలసినది. ఈ పండితుడును రష్యా సామ్రాజ్యమున బుట్టినవాడే! ఆయనకు 1908లో నోబెల్ బహుమతి వచ్చిన మాట నిజమే గాని, అది రోగనిరోధక శక్తిని గూర్చిన పరిశోధనకే, పెరుగునకు కాదు. నిత్యము పులిసిన పాలు త్రాగియు ఆయన డెబ్బదియొకటవ యేట, 1916లో మరణించెను.

కథ పిదప జపానుకు మరలినది. మంగోలియాలో పులిసిన పాల రుచి యెరిగిన మిషిమా కైఉన్ 1919లో ‘కాల్పిస్’ అను పానీయమును విక్రయమునకు దెచ్చెను. ఆ పేరులో సగము కాల్షియము. తక్కిన సగము మన సంస్కృతపు ‘సర్పిస్సు’, అనగా నేయి. ఆయన బౌద్ధాలయమున బుట్టినవాడగుటచే ఈ పదము ఆయనకు పరిచితము.

ఈ కాల్పిస్‌కు సంబంధించిన పులిపాలనుండియే 1995లో జపాను శాస్త్రజ్ఞులు రెండు పెప్టైడులను వేరుపరచిరి. లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్ అను బాక్టీరియా తన యాహారముకొరకు పాలలోని కేసీన్ అను మాంసకృత్తును ముక్కలు చేయును. ఆ ముక్కలలో మూడేసి అమైనో ఆమ్లముల గొలుసులవంటివే యీ రెండును. మన దేహమున నొక ఎంజైము రక్తనాళములను బిగించు యాంజియోటెన్సిన్‌ను తయారుచేయును. ఈ గొలుసు లా యెంజైమును అడ్డగించును. రక్తపుపోటు గల యెలుకలలో పోటు తగ్గినది. చిత్రమేమనగా, అదే యెంజైము నణచు మందు కాప్టోప్రిల్ పుట్టుకకు దారి చూపినది బ్రెజిల్ దేశపు సర్పవిషములోని పెప్టైడులు. సర్పము, సర్పిస్సు ఒకే లక్ష్యమును చేరినవి!

అయితే మనుష్యులపై ఫలిత మంత స్పష్టము కాలేదు. జపానులో కొంత మేలు కనబడగా, ఐరోపా పరీక్షలలో అది స్వల్పమైనది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2012లో, కార్యకారణ సంబంధము నిర్ధారణ కాలేదని తీర్మానించెను. కనుక మజ్జిగను నమ్మి మాత్రలు మానుట తగదు. అందు వేసికొను ఉప్పు పోటును పెంచునదే. మరియు ఇంటి తోడు వేరు, పరిశోధనశాలలో నేరి పెంచిన జీవము వేరు. ఏ జీవులున్నవో, ఎంతసేపు పులిసినదో, దానినిబట్టి పెప్టైడులు మారును. ఒక యింటి పెరుగులోనివి పొరుగింటి పెరుగులో నుండకపోవచ్చును.