జీర్ణాశయ క్యాన్సర్‌లో సూచిక ప్రోటీన్లు

జీర్ణాశయ క్యాన్సర్‌కు కీమోథెరపీ ఎంతవరకు ఫలిస్తుందో ముందుగా అంచనా వేయుటకు కణితిలో పరీక్షించే ప్రోటీన్లను సూచిక ప్రోటీన్లు అంటారు. ఒకే మందు ఒక రోగిలో కణితిని కుదించవచ్చు. మరొక రోగికి వాంతులు, తెల్లరక్తకణాల క్షీణత వంటి దుష్ఫలితాలనే మిగల్చవచ్చు. ఈ భేదాన్ని చికిత్సకు ముందే గుర్తించడం ఈ పరీక్షల లక్ష్యం.

పరీక్షా విధానం

ఎండోస్కోపీ ద్వారా సేకరించిన కణితి ముక్కను మైనపు దిమ్మెలో అమర్చి, పలుచని పొరలుగా కోసి, ప్రతిరక్షకాల సాయంతో రంగు వేసి సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. దీనిని ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అంటారు. ఖమ్మం జిల్లాలోని వేంసూరు వంటి ప్రాంతాల నుండి హైదరాబాదుకు చికిత్సకై వెళ్ళే రోగులు ఈ దిమ్మెను వెంట తీసుకొని వెళ్ళడం మంచిది. అందులో తగినంత కణజాలం ఉన్నచో, పరీక్ష కొరకు మరల ఎండోస్కోపీ చేయనవసరం ఉండకపోవచ్చు.

పరిశోధనలో ఉన్న ప్రోటీన్లు

* థైమిడిలేట్ సింథేజ్: డి.ఎన్.ఏ. తయారీకి అవసరమైన ఎంజైము. ఇది పనిచేయుటకు ఫోలిక్ ఆమ్లపు ఒక రూపం తోడు కావాలి. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించి, దానికి వ్యతిరేకంగా పనిచేసే క్యాన్సర్ మందులకు బాట వేసింది. 1957లో వెలువడిన 5-ఫ్లోరోయురాసిల్ ఈ ఎంజైమునే అడ్డగిస్తుంది. ఎంజైము అధికంగా గల కణితులు ఈ మందుకు లొంగవని భావించారు.
* ఇ.ఆర్.సి.సి.1: సిస్‌ప్లాటిన్ వలన డి.ఎన్.ఏ.కు కలిగే నష్టాన్ని సరిచేసే ప్రోటీన్. ఇది ఎక్కువైతే మందు ప్రభావం తగ్గవచ్చునని అంచనా.

ఈ రెండింటిపై జరిగిన అధ్యయనాల ఫలితాలు పరస్పరం పొసగలేదు. అందువలన వీటిని బట్టి మందును ఎంపిక చేయడం సాధారణ వైద్యంలో స్థిరపడలేదు.

చికిత్సను నిర్ణయించే ప్రోటీన్లు

* హెర్-2: ఈ ప్రోటీన్ అధికంగా ఉన్న, ముదిరిన క్యాన్సర్‌లో కీమోథెరపీకి ట్రాస్టుజుమాబ్ జోడించగా మధ్యస్థ జీవితకాలం 11.1 నెలల నుండి 13.8 నెలలకు పెరిగినట్లు 2010లో టోగా అధ్యయనం తెలిపింది.
* ఎం.ఎల్.హెచ్.1, ఎం.ఎస్.హెచ్.2, ఎం.ఎస్.హెచ్.6, పి.ఎం.ఎస్.2: డి.ఎన్.ఏ. నకలులో దొర్లే తప్పులను దిద్దే ప్రోటీన్లు. ఇవి లోపించిన కణితులకు శస్త్రచికిత్సకు ముందు వెనుకల ఇచ్చే కీమోథెరపీ వలన మేలు కలగకపోవచ్చునని 2017లో మ్యాజిక్ అధ్యయన నమూనాల విశ్లేషణ సూచించింది. ఇటువంటి కణితులు ఇమ్యునోథెరపీకి బాగా స్పందించే అవకాశం ఉంది.
* క్లాడిన్ 18.2: దీనిపై పనిచేసే జోల్బెటుక్సిమాబ్‌ను కీమోథెరపీతో కలిపి వాడుటకు అమెరికా 2024లో అనుమతించింది.

గమనించవలసిన భేదం

వ్యాధి గమనాన్ని తెలిపే సూచిక వేరు, మందు ఫలితాన్ని తెలిపే సూచిక వేరు. రక్తంలో కొలిచే సి.ఇ.ఏ., సి.ఏ.19-9 చికిత్స పురోగతిని గమనించుటకు కొంత తోడ్పడతాయి. ఏ మందు పనిచేస్తుందో అవి ముందుగా చెప్పలేవు.

ఇవి కూడా చూడండి

* యల్లాప్రగడ సుబ్బారావు
* కీమోథెరపీ