డాలరుకే శాలువా

1956 ఏప్రిల్ 6న అమెరికాలోని మినియాపొలిస్‌ పత్రికలో ఒక దుకాణం ప్రకటన వేసింది. శనివారం ఉదయం సరిగ్గా 9 గంటలకు మూడు కొత్త ఫర్ కోట్లు, వంద డాలర్ల దాకా విలువ చేసేవి, ఒక్కోటి ఒక్క డాలరే. ముందొచ్చినవారికే.

లెఫ్కోవిట్జ్ అనే ఆయన అందరికంటే ముందు వెళ్లి డాలరు తీసి ఇచ్చాడు. ఇది ఆడవాళ్లకేనని, అది తమ షాపు రూలని చెప్పి కోటు ఇవ్వలేదు. వారం తర్వాత ఇంకో ప్రకటన వచ్చింది. ఈసారి సరుకులో 139.50 డాలర్ల నల్లని ఫర్ శాలువా కూడా ఉంది. అదీ డాలరుకే. ఆయన మళ్లీ ముందే వెళ్లాడు. రూలు తెలుసు కదా అంటూ మళ్లీ ఉత్తచేతులతో పంపేశారు. ఆయన కోర్టుకెక్కాడు.

ప్రకటన అంటే కొనడానికి రమ్మన్న పిలుపే తప్ప అమ్ముతామన్న హామీ కాదని దుకాణం వాదించింది. ఈ వాదనకు బలం లేకపోలేదు. ప్రతి ప్రకటననూ హామీగా లెక్కిస్తే, పది చీరలున్న కొట్టు వచ్చిన వందమందికీ బాకీ పడుతుంది. అయితే 1892లోనే లండన్‌లో కార్బాలిక్ స్మోక్ బాల్ కంపెనీకి చుక్కెదురైంది. తమ మందు పద్ధతిగా వాడాక కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామని, అందుకు బ్యాంకులో 1,000 పౌండ్లు వేశామని అది ప్రకటించింది. మందు వాడినా జబ్బు పడిన కార్లిల్ అనే ఆవిడకు ఆ సొమ్ము కట్టాల్సిందేనని అప్పీలు కోర్టు తీర్పిచ్చింది.

1957 డిసెంబరులో మిన్నెసోటా సుప్రీంకోర్టు కూడా ప్రకటనలోని మాటలనే పట్టి చూసింది. సరుకేమిటో, ధరెంతో, ఎవరికి దక్కుతుందో స్పష్టంగా చెప్పి, బేరానికేమీ మిగల్చకపోతే అది హామీయే. కొనేవాడు ఒప్పుకున్నాక, ప్రకటనలో లేని షరతును కౌంటరు దగ్గర తగిలించడం చెల్లదు. ‘వంద డాలర్ల దాకా’ అన్న కోటు విలువ తేలలేదు గనుక దానికి పరిహారం దక్కలేదు. శాలువాకు మాత్రం, తాను ఇవ్వాల్సిన డాలరు పోను, 138.50 డాలర్లు వచ్చాయి.

మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్ ప్రకారం కూడా, ప్రతిపాదనలోని షరతులు నెరవేర్చడమే అంగీకారం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. ఆ ధరకు అమ్మే ఉద్దేశం లేకుండా చౌక ధర ప్రకటించడాన్ని అక్రమ వ్యాపార పద్ధతి అంది. ధర విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించే మాట నోటితో చెప్పినా, కాగితం మీద రాసినా ఆ చట్టం కిందికే వస్తుంది. కాబట్టి విజయవాడలోనో వరంగల్‌లోనో సేల్స్‌మన్ నోటిమాటను నమ్మి మోసపోయినవాళ్లు కూడా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు.