చల్లని ఇంధనం, వేగిరపు పడవ: అమెరికాలో ఒక సరదా నేర్చుకున్న రసాయన పాఠం

రేడియో కంట్రోల్‌తో నడిచే నమూనా పడవకు కావలసిన ఇంధనం కొంచెమే. అయినా ఆ కాస్త ఇంధనాన్ని ఎందులో దాచాలి, ఎంత చల్లగా ఉంచాలి అన్నది అమెరికా పడవ పందేలవాళ్లు దశాబ్దాల పాటు నేర్చుకుంటూ వచ్చిన విద్య. ఇంధనం మారిన ప్రతిసారీ పాత జాగ్రత్తలు కొన్ని పనికిరాకుండా పోయాయి.

1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా తీగ లేకుండా నడిపి చూపిన పడవ బ్యాటరీతో నడిచింది. చిన్న పెట్రోలు ఇంజన్లు 1930లలో వచ్చాయి. ఫిలడెల్ఫియాకు చెందిన బిల్ బ్రౌన్ రూపొందించిన ‘బ్రౌన్ జూనియర్’ వాటిలో పేరు పడ్డది. పెట్రోలులో ఖనిజ నూనె కలిపి పోసేవారు. నిప్పురవ్వ కోసం కాయిల్, కండెన్సరు, బ్యాటరీ కూడా ఇంజనుతోపాటే మోయాల్సి వచ్చేది.

ఆ బరువును తప్పించింది రే ఆర్డెన్ 1947లో తెచ్చిన గ్లో ప్లగ్. అందులోని ప్లాటినం తీగను మొదట బ్యాటరీతో ఎర్రబరిస్తే చాలు. తర్వాత మిథనాల్ ఆవిరి, ప్లాటినం కలిసి జరిపే చర్య, సిలిండరులోని వేడి ఆ తీగను చల్లారనివ్వవు. దాంతో పెట్రోలు పోయి మిథనాల్ వచ్చింది. పెట్రోలులో సరిగా కలవని ఆముదం మిథనాల్‌లో చక్కగా కలుస్తుంది. అలా పాలమూరు, నల్లగొండ చెలకల్లో మన రైతులు పండించే ఆముదం లాంటిదే అమెరికా చెరువుల్లో పందేనికి దిగింది.

మిథనాల్ తనంతట తానే చల్లబరిచే ఇంధనం. చలివేంద్రం కుండ నీటిని చల్లబరిచిన తీరులోనే, ఆవిరవుతూ ఇంజనులోని వేడిని లాక్కుంటుంది. కిలో మిథనాల్ ఆవిరి కావడానికి దాదాపు 1,100 కిలోజూళ్ల వేడి కావాలి. పెట్రోలుకు అందులో మూడో వంతు చాలు. అయితే మూసి ఉన్న పడవ పొట్టలో ఇదొక్కటే సరిపోదు. అందుకే పడవ పరుగెత్తేటప్పుడు చెరువు నీరే సన్నని గొట్టం గుండా ఇంజను తల చుట్టూ తిరిగి బయటికి పోయే ఏర్పాటు చేశారు.

ఇక మిగిలింది ట్యాంకు. వేడి ఇంజను పక్కనే ఉంటుంది, దాని అదురుకు ఇంధనం నురగ కడుతుంది. ఇంధనాన్ని తోయడానికి పొగగొట్టం నుంచి పంపే పీడనం కూడా వేడిదే. మిథనాల్ మరిగేది సుమారు 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాబట్టి, గొట్టంలో ఆవిరి బుడగ చేరితే పడవ నడి చెరువులో ఆగిపోతుంది. అందుకే ఎండాకాలపు పందేలకు ఇంధనం సీసాలను ఐస్ పెట్టెలో పెట్టి తెచ్చే అలవాటు పుట్టింది. 20 డిగ్రీలు చల్లబడితే మిథనాల్ సాంద్రత రెండు శాతానికి కాస్త పైగా పెరుగుతుంది. ఇంధనం పారుదలను అదుపు చేసే సూది కవాటాన్ని చల్లని ఇంధనంతో సరిచేసి, వెచ్చని ఇంధనంతో పందెం నడిపితే మిశ్రమం పలచబడి ఇంజను మాడుతుంది. కనుక ఇక్కడ చల్లదనం కన్నా నిలకడ ముఖ్యం. చల్లని సీసా మూత తెరిచి ఉంచితే గాలిలోని తేమ లోపలికి చేరుతుంది. మిథనాల్ నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. అందుకే బిగుతు మూత, నీడ, నింపిన వెంటనే మూసే అలవాటు.

వేగం కోసం కలిపే నైట్రోమీథేన్ మరో పాఠం నేర్పింది. పందెపు పడవల్లో దాని పాలు సగం దాటడమూ ఉంది. 1958లో ఇలినాయ్‌లోని మౌంట్ పులాస్కీలోనూ, న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్‌లోనూ నైట్రోమీథేన్ నింపిన రైలు ట్యాంకరు పేలింది. ఆ తర్వాత దాన్ని చిన్న డ్రమ్ముల్లో రవాణా చేయడం మొదలైంది. 1995లో ఓక్లహామా సిటీ బాంబులో అదే రసాయనం వాడారని తేలాక, దాని అమ్మకం మీద, నిల్వ మీద ప్రభుత్వ నిఘా క్రమంగా పెరిగింది.

తర్వాత గడ్డి కోసే యంత్రాల ఇంజన్లను నీటితో చల్లబడేలా మార్చి పడవల్లో పెట్టడంతో పెట్రోలు మళ్లీ వచ్చింది. పాత అలవాట్లు బెడిసికొట్టింది ఇక్కడే. గ్లో ప్లగ్ ఇంజన్ల మిథనాల్ ఇంధనానికి వాడే సిలికాన్ గొట్టం పెట్రోలుకు ఉబ్బిపోతుంది. మిథనాల్ ఆవిరి నిప్పందుకునే కనీస వేడిమి సుమారు 11 డిగ్రీలు. ఐస్ పెట్టె దాన్ని ఆ గీత కిందికి దింపగలదు. పెట్రోలుకు ఆ గీత సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉంది. ఏ ఐస్ పెట్టె కూడా దాన్ని అక్కడికి చేర్చలేదు. దాని ఆవిరి గాలికన్నా బరువు కనుక పడవ అడుగున పేరుకుంటుంది. పెట్రోలుకు రక్ష గట్టి డబ్బా, ధారాళమైన గాలి.

ఇప్పుడు లిథియం పాలిమర్ బ్యాటరీల కాలం. చెరువు నీరు మోటారునూ, వేగాన్ని అదుపు చేసే పరికరాన్నీ చల్లబరుస్తోంది. బ్యాటరీ మాత్రం మరీ చల్లబడితే శక్తినివ్వదు. వేడిగా ఉండగా చార్జింగ్ పెట్టకూడదు. దాచేటప్పుడు ఒక్కో సెల్లును సుమారు 3.8 వోల్టుల దగ్గర ఉంచి, నిప్పు తట్టుకునే పెట్టెలో పెట్టాలి.

కొత్తగా ఈ సరదాలోకి వచ్చే పిల్లలకు పెద్దలు ‘ఇలా చెయ్యి’ అని మాత్రమే చెబితే చాలదు, ‘ఎందుకు’ అన్నదీ చెప్పాలి. ఐస్ పెట్టె ఎందుకో తెలిసిన పిల్లవాడికి, దాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా తెలుస్తుంది.