ఘనీభవించిన పిండం, కరగని సందేహం

దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల పల్లెల్లో పాడిపశువు ఎదకు వచ్చిందంటే గోపాలమిత్రకు కబురు వెళుతుంది. అతడు తెచ్చే క్యానులో ఉండేది సున్నాకు దిగువన 196 డిగ్రీల ద్రవ నత్రజని, అందులో వీర్యపు స్ట్రాలు. గ్లిసరాల్ తోడుంటే వీర్యకణాలు గడ్డకట్టినా చావవని 1949లో ఇంగ్లాండులో తేలిన నాటినుండి వస్తున్న విద్య ఇది. పశువుల విషయంలో మనం శంకించని ఈ చలిని మానవ పిండానికి వాడిన తొలి భారతీయ వైద్యుని కథ మాత్రం విషాదాంతం.

1978 అక్టోబరు 3న కలకత్తాలో ఒక ఆడశిశువు జన్మించింది. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ ఆ పిండాన్ని డైమిథైల్ సల్ఫాక్సైడ్ రక్షణలో 53 రోజులు ఘనస్థితిలో ఉంచి, ఆపై తల్లి గర్భంలో ప్రవేశపెట్టారు. ఆయన తర్కం సరళమైనది. అండాలకోసం హార్మోనులిచ్చిన నెలలో గర్భాశయం పిండానికి అనువుగా ఉండదు. కనుక ఆగి, సహజ ఋతుచక్రంలో నిలపాలి.

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నియమించిన సంఘం ఆ మాటను నమ్మలేదు. జపాను సదస్సుకు వెళ్ళడానికి ఆయనకు అనుమతి దొరకలేదు. చివరకు కంటివైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. 1984లో ఆస్ట్రేలియాలో ఘనీభవించిన పిండంనుండి పుట్టిన బిడ్డకు ప్రపంచంలో మొదటిదన్న కీర్తి దక్కింది. ముఖోపాధ్యాయ రాతప్రతులను పరిశీలించి, 1997లో ఆయన ఘనతను లోకానికి చాటినది టి.సి. ఆనంద్ కుమార్ అనే శాస్త్రజ్ఞుడు.

ఇంతకూ ఈ పద్ధతి క్షేమమేనా? కణంలో ఏర్పడే మంచు స్ఫటికమే పిండానికి శత్రువు. 1985లో ఎలుక పిండాలపై నిరూపితమైన విట్రిఫికేషన్, స్ఫటికానికి వ్యవధి ఇవ్వకుండా కణద్రవాన్ని గాజువలె బిగిస్తుంది. పిండాన్ని ఘనీభవింపజేసి ఆగడంవల్ల అండాశయాలు అతిగా ఉబ్బే ప్రమాదం తగ్గుతుంది. అయితే ఇట్టి గర్భాలలో తల్లికి రక్తపోటు, శిశువు అధిక బరువు కొంత ఎక్కువగా కనిపిస్తున్నాయి. హార్మోనులతో సిద్ధపరచిన గర్భాశయంలోకంటె సహజ ఋతుచక్రంలో ఆ రక్తపోటు ముప్పు తక్కువని నేటి అధ్యయనాలు సూచిస్తున్నాయి. నాడు ముఖోపాధ్యాయ ఎంచుకొన్నదీ ఆ మార్గమే!

నిల్వలోనూ ముప్పున్నది. 2018 మార్చిలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక ట్యాంకు విఫలమై నాలుగువేలకు పైగా అండాలు, పిండాలు నష్టమయ్యాయి. మన దేశంలో 2021 నాటి చట్టం పిండాల నిల్వకు పదేళ్ళ గడువు విధించింది.

నల్లగొండ, పాలమూరు పల్లెలనుండి సంతానంకోసం నగరానికి వెళ్ళే దంపతులు ఖర్చుతోపాటు మరి మూడు సంగతులు అడగాలి. మాకు ఘనీభవనం అవసరమా? ఏ ఋతుచక్రంలో ప్రవేశపెడతారు? ట్యాంకును రాత్రివేళ ఎవరు కనిపెట్టి ఉంటారు?