ఒకే కోట, రెండు జెండాలు

సూరత్ పురపాలక సంఘం 1852లో మొదలై, 1966 అక్టోబరు 1న కార్పొరేషన్ అయింది. ఈ అరవై ఏళ్ళ సంచికలో నగర జెండా గురించి రాయబోతే చౌక్ బజార్ కోట దగ్గరికే వెళ్ళాలి. బుడతకీచుల దాడులకు జడిసి 1540లలో ఖుదావంద్ ఖాన్ తాపీ ఒడ్డున కట్టించిన కోట అది. 1759లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. అయినా మొగలు జెండాను దింపలేదు. ఒక బురుజు మీద ఇంగ్లీషు జెండా, ఇంకో బురుజు మీద మొగలు జెండా ఎగిరాయి. ఢిల్లీ ఫర్మానాతో కంపెనీ కోటకు ఖిలేదారుగా, పాదుషా నౌకాదళానికి అధిపతిగా చలామణీ అయింది. ఈ ఊళ్ళో జెండా బలం ఎవరిదో చెప్పలేదు, ఎవరి పేరు చెల్లుతుందో చెప్పిందని నా వాదన.

అదంతా వట్టి నాటకం అంటారు కొందరు. నాటకమే, కాదనను. కానీ ఫిరంగి చేతిలో ఉన్నవాడికి నాటకంతో పనేమిటి? హుండీ రాసే షావుకారు, మక్కాకు ఓడెక్కే యాత్రికుడు పాదుషా పేరునే నమ్ముతారు గనక. రూపాయే సాక్ష్యం. 1800 ఒడంబడికతో సూరత్ నవాబు పాలన కూడా కంపెనీ చేతికొచ్చింది. అయినా రూపాయి మీద పాదుషా షా ఆలం పేరే, పాలనా సంవత్సరం 46 అన్న అంకె కదలకుండా పడుతూ వచ్చింది. 1806లో పాదుషా పోయాడు, ముద్ర పోలేదు. ఆ మాటకొస్తే ఎర్ర తెల్ల చారల కంపెనీ జెండా కూడా స్థిరంగా లేదు: మూలన ఉన్న సెయింట్ జార్జి శిలువ స్థానంలోకి 1707లో యూనియన్ గుర్తు వచ్చింది, 1801లో అందులో ఇంకో శిలువ చేరింది. తాపీ ఒడ్డున ఎంతమంది గమనించారో!

ఎనభై నాలుగు రేవుల జెండాలు ఎగిరిన ఊరని సూరత్‌వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఎనభై నాలుగు లెక్కపెట్టి చెప్పిన అంకె కాదు, జీవరాశులకు మనం చెప్పుకునే లక్షల్లాంటిదే. అతిశయోక్తే అయినా చూడండి, గొప్ప చెప్పుకున్నది పరాయి జెండాల గురించి. పరాయివాళ్ళ పేర్లతో పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం ఉన్న మచిలీపట్నం వాళ్ళకు ఇది వింతగా తోచదు. ఇప్పుడైనా సొంత జెండా ఉండాలి కదా అంటే, అక్కర్లేదంటాను. కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీతో పాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలు కూడా ఉన్నాయి. జెండా గీయించడానికి డబ్బు కేటాయిస్తే, ఆ డబ్బు ముందు ఆ బడులకు ఇవ్వండి.